సారు ఉపవాసం విడిచిన రోజు

మా వృద్ధాశ్రమంలో పుట్టినరోజు లేని వారం ఉండదు. ఉన్నది ఇరవై నలుగురు పెద్దవాళ్లు. ఆ పుట్టినరోజులు మాత్రం వాళ్లవి కావు. సూర్యాపేట కిరాణా దుకాణాల వాళ్ల పిల్లలవి, మిర్యాలగూడ రైసుమిల్లుల వాళ్ల మనవలవి, త్రిపురారంలో పంట అమ్ముకుని చేతిలో నాలుగు రాళ్లు పడ్డవాళ్లవి. ఒకసారి ఒకాయన తన కోత మిషన్ కొని ఏడాది నిండిందని వచ్చి పాయసం పెట్టి పోయాడు. మిషన్ కూడా వచ్చింది. గేటు పట్టలేదు కాబట్టి బయటే ఆగింది.

దీన్ని మేము ఆశీర్వాద భోజనం అంటాం. పద్ధతి ఎప్పుడూ ఒకటే. వరండాలో వరసగా కుర్చీలు వేస్తాం. పెద్దవాళ్లను ఉతికిన బట్టల్లో కూర్చోబెడతాం. దాత కుటుంబంతో వచ్చి ఒక్కొక్కరి నోట్లో తన చేత్తో లడ్డు పెడతాడు, కాళ్లకు దండం పెడతాడు, వాళ్లు ఆయన నెత్తిన చేయి పెట్టి చల్లగా ఉండమంటారు. ఇదంతా ఫోనులో తీస్తారు. లడ్డు నోట్లోకి పోకముందు తీసిన ఫోటో పనికిరాదు, పోయాక తీసింది అసలే పనికిరాదు. అది పెదవులను తాకుతూ ఆగి ఉండాలి. అందుకని మా పెద్దవాళ్లు నోరు తెరిచి ఆగడంలో బాగా ఆరితేరారు. ఇరవై నలుగురిలో పదమూడు మందికి షుగరు.

నేను అక్కడ ఇన్‌చార్జిని. పదో తరగతి తప్పినవాణ్ని. ఇరవై ఏళ్లు సూర్యాపేటలో గ్రంథాలయం ఎదురుగా జిరాక్స్ దుకాణం నడిపాను. కరెంటు పోతే జిరాక్స్ మిషన్ పనిచేయదు, గ్రంథాలయం కిటికీలు పనిచేస్తాయి. కరెంటు పోయినప్పుడల్లా రోడ్డు దాటి వెళ్లి చదివేవాణ్ని. నా చదువంతా కరెంటు కోతల చదువు. కోతలు బాగా ఉన్న రోజుల్లో నక్షత్రాల గురించి, నేలల గురించి, మనిషి ఒంట్లోని ఎముకల గురించి చదివాను. ఏ సంగతి ఏ బీరువాలో, ఏ పుస్తకంలో, ఎన్నో పేజీలో ఉందో ఇప్పటికీ చెప్పగలను. ఎవరూ అడగరు కానీ చెప్పగలను. ఆ తర్వాత కరెంటు నిలకడగా రావడం మొదలైంది, నా చదువు మందగించింది. దుకాణమైనా బాగుపడిందా అంటే, అప్పటికి అందరి ఫోన్లలోకి జిరాక్స్ వచ్చేసింది. దుకాణం మూసి ఆశ్రమంలో చేరాను. పెద్దవాళ్లను చూసుకునే పనికి చదువుకున్న మనిషి కావాలని ఆశ్రమం అధ్యక్షులవారు అన్నారు. ఆ మాట నాకు నచ్చింది.

సారును కోదాడ నుంచి ఆయన తమ్ముడి కొడుకు తెచ్చి దింపాడు. రిటైరైన సామాన్యశాస్త్రం టీచరు. కుడివైపు పక్షవాతం. మాట ముద్దగా వచ్చేది, కానీ వాక్యం మాత్రం తప్పేది కాదు. క్రియ దగ్గరికి చేరేదాకా మనం ఓపిక పట్టాలి, అంతే. పక్షవాతం గొంతును కూడా పట్టింది. నీళ్లు తాగితే సగం కడుపులోకి, కొంచెం ఊపిరితిత్తుల్లోకి పోయేవి. మా దగ్గరికి రాకముందే ఒకసారి అలా పోయి, జ్వరం వచ్చి, రెండు వారాలు దవాఖానలో ఉన్నాడు. సూర్యాపేటలో చూసిన డాక్టరమ్మ చీటీ మీద రాసి, నోటితోనూ చెప్పింది. ఇంకొకసారి ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే ముక్కులోంచి గొట్టం వేయాల్సిందే, ఇక నోటితో తినడం ఉండదు అని.

వచ్చిన రోజే సారు ఆ చీటీని నాకిచ్చి, ఎడమచేత్తో ఆ వాక్యం మీద వేలు పెట్టాడు.

"మా ఆవిడకు వేశారండి. నాలుగు నెలలు. లాక్కుంటుందని చేతులు మంచానికి కట్టేవారు."

అంతే చెప్పాడు. చీటీని నా చేతిలో మడిచి మిగిలింది చెప్పాడు. "నాకొద్దు."

గొట్టం వద్దనే నేనూ అన్నాను. మాట ఇచ్చినట్టే ఇచ్చాను. ఆ సాయంత్రమే గ్రంథాలయానికి వెళ్లాను. వైద్యం బీరువాలో కింది అరలో రోగి పరిచర్య మీద పాత పుస్తకం ఒకటి ఉంది. అట్ట చెదలు తిన్నా లోపల అక్షరాలు బాగానే ఉన్నాయి. మింగడం మీద పదకొండు పేజీలు. గొంతులో రెండు గొట్టాలు పక్కపక్కన ఉంటాయని, మింగేటప్పుడు ఒకదాని మీద మూత పడుతుందని, ఆ మూత సోమరిదైతే పలుచని ద్రవాలు దొంగదారిన పోతాయని బొమ్మలతో సహా ఉంది. మూడు రోజులు కూర్చుని నోట్స్ రాసుకున్నాను. ఆ పదకొండు పేజీల నుంచి ఇరవై ఒక్క నియమాలు తీశాను. "పలుచని పానీయములు సర్వథా వర్జనీయములు" అని మొదలవుతుంది. మంచి అక్షరాలతో రాయించి, అద్దం ఫ్రేము కట్టించి, వరండాలో అందరికీ కనపడేలా వేలాడదీశాను.

మరుసటి ఆదివారం హాలియా నుంచి వచ్చిన దాత కుటుంబం దానికి బంతిపూల దండ వేసింది. మన దగ్గర గోడకు ఫ్రేము కనపడితే దండ వేయడం అలవాటు. ఆ పెద్దమ్మ చెప్పులు విడిచి మరీ నా ఇరవై ఒక్క నియమాలకు దండం పెట్టుకుంది. చదవమన్నాను. కళ్లజోడు తేలేదంది.

సారును చూసుకునేది మా ఆయమ్మ. వేములపల్లి మనిషి. పొలం పనులు మోకాళ్లకు పడక ఈ పనికి వచ్చింది. ఆమె సారుకు తినిపించడం చూస్తే నాకు గర్వంగా ఉండేది. వీపు నిటారుగా ఉండేలా వెనక రెండు దిండ్లు, గడ్డం ఛాతీ వైపు దించి, చిన్న చెంచాతో సగమే. మింగాక ఇంకోసారి ఉత్తగా మింగమనేది. ఆపైన ఏదో ఒక మాట మాట్లాడించేది. గొంతులో గురగుర వినిపిస్తే చెంచా పక్కన పెట్టి దగ్గమనేది. నీళ్లకు బదులు రాగిజావ, పప్పు చారుకు బదులు మెత్తగా మెదిపిన పప్పు. తిన్నాక అరగంట పడుకోనిచ్చేది కాదు. నాలుగో నియమం, ఏడో నియమం, తొమ్మిది, పద్నాలుగు అని మనసులో లెక్కపెట్టుకునేవాణ్ని. నా పటం పనిచేస్తోందనుకున్నాను.

ఒకరోజు ఆ మాటే పైకి అన్నాను. ఆమె పటం వైపు ఎగాదిగా చూసింది.

"నాకు చదువు రాదే అన్నా. మా అత్త గిట్లనే పడ్డది, ఆరేండ్లు. మింగుతుంటే గొంతు మీద చెయ్యి పెట్టి చూసి నేర్చుకున్న."

ఆరేళ్లు, గొంతు మీద చెయ్యి. నేను మూడు రోజులు, పదకొండు పేజీలు. కానీ పుస్తకంలో ఉన్నదే ఆమె చేసేది కాబట్టి పుస్తకం కరెక్టేనని తేలిందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ప్రమాదం మిర్యాలగూడ మిల్లు ఓనరు మనవడి పుట్టినరోజున జరిగింది. ఆయన మాకు అందరికంటే పెద్ద దాత. అరవైకి దగ్గర పడ్డ మనిషి. పాతకాలపు వ్యవసాయ కుటుంబం, ఇప్పుడు రెండు మిల్లులు. ఈమధ్య రాజకీయాల్లో కాలు పెట్టి లోతు చూస్తున్నాడని అనుకునేవారు. ఆ రోజు బూందీ లడ్డులు తెచ్చారు. ఆయన భార్య పటం ముందు నిలబడి ఇదేమిటని అడిగింది. నన్ను ఎవరైనా అలా అడగడం అదే మొదటిసారి. నేను మొదటి నియమం నుంచి మొదలుపెట్టాను. పొడిపొడిగా రాలే పదార్థాలు గొంతులో ఎక్కడ చిక్కుకుంటాయో నేను ఆమెకు గాల్లో బొమ్మ గీసి వివరిస్తున్న సమయంలో, మాకు పది అడుగుల దూరంలో, ఆమె భర్త సారు నోట్లో లడ్డు పెట్టాడు.

సారు నోరు తెరవలేదని తర్వాత తెలిసింది. ఎడమచెయ్యి అడ్డం పెట్టబోతే, మొహమాటపడుతున్నాడనుకుని ఒకరు ఆ చెయ్యి ప్రేమగా పట్టుకున్నారు.

దగ్గు కూడా రాలేదు. మొహం రంగు మారింది. జావ గిన్నెతో వస్తున్న ఆయమ్మ గిన్నె అక్కడే వదిలేసి, సారును ముందుకు వంచి, వీపు మీద రెండు జబ్బల మధ్య అరచేత్తో గట్టిగా కొట్టింది. నాలుగో దెబ్బకు లడ్డు బయటపడింది. ఫోను పట్టుకున్న అబ్బాయి ఇంకా తీస్తూనే ఉన్నాడు. నేను చూపుడువేలు గాల్లోనే ఉంచి నిలబడి ఉన్నాను.

మూడు రోజులు పూటపూటకూ జ్వరం చూశాం. రాలేదు. డాక్టరమ్మ ఛాతీ విని, ఈసారికి తప్పించుకున్నారని, మళ్లీ ఇలా తెస్తే గొట్టం సామాను సిద్ధంగా పెట్టుకునే చూస్తానని అంది. సారు నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేది.

అధ్యక్షులవారు మీటింగు పెట్టారు. దాతలను తినిపించవద్దంటే వాళ్లు రారు. వాళ్లు రాకపోతే బియ్యం రావు. అందులోనూ మిల్లు ఓనరు స్నానాల గదులన్నిటికీ పట్టుకునే కడ్డీలు వేయిస్తానని, నేలమీద జారని బండలు పరిపిస్తానని మాటిచ్చి ఉన్నాడు. ఆ వానాకాలంలోనే ఇద్దరు పెద్దవాళ్లు అక్కడ జారిపడ్డారు, ఒకామెకు తుంటి విరిగింది. కాబట్టి పెద్దవాళ్ల భద్రత దృష్ట్యా పెద్దవాళ్ల భద్రత గురించి ఎక్కువ మాట్లాడకూడదని తీర్మానం అయింది. దాతలు వచ్చే రోజుల్లో సారును లోపలి గదిలో ఉంచి తలుపు వేయాలన్నారు.

నాలుగు వారాలు అలాగే చేశాం. వరండాలో పాటలు, చప్పట్లు. లోపల సారు. నేను దీన్ని కూడా ఒక నియమంగా, ఇరవై రెండోదిగా రాసుకున్నాను, కానీ ఫ్రేములో చోటు లేదు. ఐదో ఆదివారం పొద్దున నేను తలుపు దగ్గరికి వేస్తుంటే సారు పిలిచాడు.

"నాకు లడ్డు అక్కర్లేదండి. నలుగురిలో కూర్చోనివ్వండి. గొట్టం వేసినా మంచానికే కడతారు, మీరూ గదికే కట్టారు."

మాటలు పూర్తవడానికి చాలాసేపు పట్టింది. నేను మధ్యలో వెళ్లిపోలేకపోయాను.

ఆయమ్మ చీపురు పక్కన పెట్టి, సారు కుర్చీని వరండాలోకి తోసుకుపోయింది. ఆ రోజు దాతలు సూర్యాపేటలో బట్టల దుకాణం వాళ్లు. మైసూర్‌పాక్‌తో సారు ముందు వంగగానే ఆమె అడ్డం నిలబడి, సారు ఉపవాస ప్రార్థనలో ఉన్నాడని, తీపి ముట్టడని, ఒకరి చేత్తో తినడని చెప్పింది. ఆ షావుకారు మైసూర్‌పాక్‌ను చప్పున వెనక్కి తీసుకున్నాడు. నేను శరీర శాస్త్రం అంతా చెప్పినా వెనక్కి పోని స్వీటు అది. పోవడమే కాదు, ఆయన చెప్పులు విడిచి, సారు కాళ్లకు రెండుసార్లు దండం పెట్టాడు.

అబద్ధం చెప్పావు కదా అని తర్వాత అన్నాను.

"అబద్ధమెట్లయితది? తీపి తింటలేడు. ఒకల చేతితోని తింటలేడు. పొద్దుమాపు ప్రార్థన చేసుకుంటడు. మూడు కలిపితె ఏమంటరన్నా దాన్ని?"

నీ చేత్తో తింటున్నాడు కదా అన్నాను.

"నన్నెవలు లెక్కవెడ్తరు?"

సారు కొంచెంసేపు ఆలోచించాడు. జీవితమంతా పిల్లలకు ఏ మాటకైనా రుజువు చూపమని చెప్పిన మనిషి. "నలుగురిలో కూర్చోవచ్చా?" అని అడిగాడు. కూర్చోవచ్చంది ఆయమ్మ. "అయితే ఉపవాసమేనండి" అన్నాడు.

అప్పటి నుంచి సారుకు మంచిరోజులు వచ్చాయి. మెత్తటి కిచిడీ, రాగిజావ, మెదిపిన బొప్పాయి, అన్నీ వేళకు. ఉపవాసం మొదలైన నెలలో ఆయన రెండు కిలోలు బరువు పెరిగాడు. బయట మాత్రం ఉపవాసం ఊరూరికీ ముదురుతూ పోయింది. సూర్యాపేటలో తీపి మానాడని బయల్దేరిన మాట, హాలియా చేరేసరికి అన్నం మానాడని, త్రిపురారంలో మంచినీళ్ల మీదే ఉన్నాడని అయింది. దాతలు వరసలో ముందుగా సారు దగ్గరికే వచ్చేవారు. పరీక్షలు రాసే పిల్లల హాల్‌టికెట్లు ఆయన చేతికి తాకించి తీసుకెళ్లేవారు. సారు ఆ పిల్లలను ఆపి, కిరణజన్య సంయోగక్రియ అంటే ఏమిటో చెప్పమనేవాడు. చెప్పలేనివాళ్లకు చెప్పి పంపేవాడు. కొందరు పిల్లలు సగంలో ఆగిన పాఠం కోసం మళ్లీ వారం కూడా వచ్చారు.

కుర్చీల వరసలో అసూయ కూడా మొదలైంది. షుగరున్న ఒక పెద్దమ్మ తనకూ ఉపవాసం పెట్టమని ఆయమ్మను అడిగింది. నీకు చెప్పినా ఎవరూ నమ్మరు, లడ్డు చూస్తే నీ నోరు దానంతట అదే తెరుచుకుంటుంది అందట ఆయమ్మ.

ఇలా సాగిపోయేదే. కానీ మన జిల్లాలో మొదలైన ప్రతి దీక్షకూ ఒక విరమణ ఉండాలి. ఆఫీసుల ముందు టెంటు వేసుకుని కూర్చునే దీక్షలు చూస్తూ పెరిగినవాళ్లం. దీక్ష మొదలుపెట్టడానికి వంద కారణాలుంటాయి, విడిపించడానికి ఒకటే పద్ధతి: ఒక పెద్దమనిషి వచ్చి, మెడలో దండ వేసి, నిమ్మరసం గ్లాసు నోటికి అందిస్తాడు. మిల్లు ఓనరు తన అరవయ్యో పుట్టినరోజున సారు చేత ఉపవాసం విడిపిస్తానని కబురు పంపాడు. ఆ రోజే కడ్డీలు, బండలు తెచ్చే లారీ కూడా వస్తుందన్నాడు. అధ్యక్షులవారు సంతోషంగా ఒప్పుకున్నారు.

నిమ్మరసం. సారు గొంతుకు అంతకంటే పలుచనిది, అంతకంటే వేగంగా దొంగదారిన జారేది ఇంకొకటి లేదు. నీళ్లయినా కొంచెం నయం, పులుపు తగిలితే ఉలిక్కిపడి పీల్చుకుంటాడు. లడ్డు అయితే కొట్టి కక్కించవచ్చు, జారిపోయిన రసాన్ని ఎవరు కక్కిస్తారు? నా మొదటి నియమం మొదటి వాక్యమే అది.

ఇన్ని రోజులు నేను చేయగలిగింది చేయలేదన్న బాధ ఉంది. అందుకని నోటు పుస్తకం తీసుకుని బస్సెక్కి మిర్యాలగూడ వెళ్లాను. మిల్లులో తవుడు వాసన, లారీల వరస. ఆయన నన్ను ఆఫీసు గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. నేను గొంతు బొమ్మ గీశాను. రెండు గొట్టాలు గీశాను, మూత గీశాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. మిల్లు నడిపే మనిషికి గొట్టాలు, మూతలు తెలియనివి కావు. ఒక చోట నన్నే సరిదిద్దాడు, మూతకు తిరుగుడు ఎటువైపు ఉండాలో. నాకు ధైర్యం వచ్చింది. సారు భార్య సంగతి కూడా చెప్పాను, చేతులు కట్టిన సంగతి. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు:

"పాపం. సమజైంది తమ్మీ. నిమ్మరసం పులుపు, అది వద్దు. కొబ్బరినీళ్లు తెద్దం."

కొబ్బరినీళ్లు కూడా నీళ్లేనని చెప్పాను.

"ఒక్క గుటకకు ఏమైతది? ఊకె ఇస్తలేను గద, ప్రేమతోని ఇస్తున్న. అందరికి చెప్పిన, ఇగ వెనకకు పోతె బాగుంటదా?"

ఊపిరితిత్తులకు ప్రేమ తెలియదండీ అనాల్సింది. ఆ మాట తిరుగు బస్సులో సగం దూరం వచ్చాక తట్టింది.

ఏం చేద్దామని ఆయమ్మను అడిగాను. గంజి కలిపి చిక్కగా చేద్దామంటే గ్లాసు వాళ్లే తెస్తారు. జ్వరమని చెబుదామంటే జ్వరమొచ్చినా గుటకేగా అంటారు. మళ్లీ తలుపు వేద్దామా అన్నాను, చిన్న గొంతుతో. సారు మంచం మీద నుంచి అంతా వింటున్నాడు.

"రానివ్వండి" అన్నాడు.

పుట్టినరోజున వరండా నిండింది. మిల్లు ఓనరు కుటుంబం, వాళ్ల వెనక కార్లలో వచ్చినవాళ్లు, ఇద్దరు ముగ్గురు పత్రికలవాళ్లు. బయట లారీ. సారు తెల్ల చొక్కాలో వరస మధ్యలో కూర్చున్నాడు. ఆయమ్మ వెనక నిలబడింది, చేతిలో జావ గిన్నె, చెంచా. నేను ఆమె పక్కన. ఈసారి ఎవరైనా పటం గురించి అడిగినా చెప్పకూడదని నిశ్చయించుకున్నాను. ఎవరూ అడగలేదు.

ఓనరు దండ వేశాడు. లడ్డులు కూడా ఉన్న వెండి పళ్లెంలోంచి గ్లాసు ఎత్తాడు. కొబ్బరినీళ్లు కూడా కాదు, చివరికి నిమ్మరసమే. దీక్ష అంటే నిమ్మరసం లేకుండా బాగుండదని ఎవరో చెప్పారట. గ్లాసు పెదవుల దగ్గరికి వచ్చింది. ఫోన్లన్నీ లేచాయి. సారు పెదవులు మూసుకునే ఉన్నాయి. ఆయమ్మ చెయ్యి సారు జబ్బ మీద పడింది, వంచడానికి సిద్ధంగా.

సారు ఎడమచెయ్యి లేపి గ్లాసును పట్టుకున్నాడు. ఆయన తీసుకుని తాగుతాడనుకుని ఓనరు వదిలాడు. సారు దాన్ని ఒడిలో పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క నిమిషమండి. ఉపవాసం చేసింది నేను కదా. విడిచే పద్ధతి కూడా నాదే ఉండాలి."

ఓనరు చెప్పమన్నాడు.

"మా పద్ధతిలో చేసినవాడు ముందు ఎదుటివాళ్లకు తినిపిస్తాడు. వాళ్లు మింగాక తను తింటాడు."

అలాంటి పద్ధతి నేను ఏ బీరువాలోనూ చదవలేదు. ప్రతి ఆదివారం సాయంత్రం చర్చికి పోయే ఆయమ్మ కూడా వినలేదు. కానీ అందరికంటే ముందు ఔనంది ఆమే. అధ్యక్షులవారు కూడా, దాతల ముందు తెలియదనడం బాగుండదని కాబోలు, తల ఊపారు.

సారు పళ్లెంలోంచి లడ్డు తీశాడు. ఓనరు సంతోషంగా మోకాళ్ల మీద కూర్చుని నోరు తెరిచాడు. లడ్డు ఎంత ఉందో దగ్గరగా చూశాక నోరు కొంచెం మూసుకుంది.

"సార్, నాకు షుగరున్నది. జర చిన్న ముక్క."

ఆయన భార్య వెనక నుంచి, గోరంత చాలు సార్, డాక్టరు మొన్ననే తిట్టాడు అంది. వరసలో చివరి కుర్చీ నుంచి, ఉపవాసం పెట్టమని అడిగిన పెద్దమ్మ గొంతు వినిపించింది. అరిచి కాదు, ఏదో గుర్తుచేస్తున్నట్టు.

"మాకు లేదా బిడ్డా షుగరు? ఎన్నడన్న చిన్న ముక్క చేసినవా?"

ఓనరు వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. వరసంతా చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. అడిగేవాళ్లు లేక ఆయనకు తెలియలేదు, నేను కూడా బొమ్మలు గీశానే గానీ ఆ ఒక్క మాట అడగలేదు. చివరికి సారు లడ్డులోంచి రెండు బూందీ గింజలు తీసి ఆయన నోట్లో పెట్టాడు. ఆయన నమిలి, మింగి, సారు ఒడిలోని నిమ్మరసం గ్లాసు తనే తీసుకుని తాగాడు. అందులో కూడా చక్కెర వేశారా అని తాగాక అడిగాడు. ఆ తర్వాత సారు అందరి ముందు ఆయమ్మ చేతి నుంచి సగం చెంచా జావ తీసుకున్నాడు. పత్రికలవాళ్లు ఉపవాసం విడిచాడని రాసుకున్నారు.

ఆ ఫోటో చాలా తిరిగింది. ఒక పెద్దమనిషి వణికే చేత్తో పెడుతుంటే దాత పసిపిల్లవాడిలా నోరు తెరిచి ఉన్న ఫోటో, పాత ఫోటోల కంటే బాగుందని అందరూ అన్నారు. దాంతో మిగతా దాతలకూ అదే కావాల్సి వచ్చింది. ఇప్పుడు మా ఆశ్రమంలో పెద్దవాళ్లే దాతలకు తినిపిస్తారు. షుగరు ఎవరెవరికి ఉందో ముందే అడుగుతున్నాం, దాతల్లో. ఈ పద్ధతి తన ఆలోచనేనని అధ్యక్షులవారు రెండు సభల్లో చెప్పారు. స్నానాల గదుల్లో కడ్డీలు వచ్చాయి, గట్టిగానే ఉన్నాయి. ప్రతి కడ్డీ మీదా దాత పేరు చెక్కి ఉంది. తడిచేత్తో పట్టుకుంటే ఆ అక్షరాల వల్ల జారకుండా ఉంటుందని పెద్దవాళ్లు అంటున్నారు.

నెల తర్వాత సారును డాక్టరమ్మకు చూపించడానికి ఆటోలో తీసుకెళ్లాం. రోగితో ఒక్కరే లోపలికి రావాలని తలుపు దగ్గర కూర్చున్నతను అన్నాడు. చదువుకున్నవాణ్ని కదా అని నేను వెళ్లాను. ఆయమ్మ బయట ఆగింది. డాక్టరమ్మ ముందూ వెనకా చాలాసేపు విన్నది. బరువు చూసింది. ఛాతీ శుభ్రంగా ఉందని, గొట్టం మాట ఇక తలపెట్టక్కర్లేదని అంది. సారు కళ్లు మూసుకుని తెరిచాడు. ఇలాంటి గొంతుతో ఇన్నాళ్లు నోటితో తింటూ బరువు పెరిగినవాళ్లను తక్కువ చూశానని, ఎలా తినిపిస్తున్నారో చెప్పమని ఆమె నన్ను అడిగింది.

నా దగ్గర ఇరవై ఒక్క నియమాలున్నాయి. పేజీ నంబర్లున్నాయి. నోరు తెరిచాను. సారు ఎడమచెయ్యి ఎత్తి తలుపు వైపు చూపించాడు.

నేను లేచి బయటికి వచ్చి, లోపలికి వెళ్లమని ఆయమ్మకు చెప్పాను. తలుపు దగ్గరతను ఒక్కరేనన్నాడు. ఒక్కరే వెళ్తున్నారు, నేను వచ్చేశాను అన్నాను. ఆమె చెప్పులు విడిచి వెళ్లింది. బెంచీ మీద కూర్చున్నాను. తలుపు తెర అవతల నుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఏం లేదు మేడం. మింగినంక ఇంకొకపారి ఉత్తగనె మింగమంట. గొంతు మీద చెయ్యి పెడ్త."

కొంచెం నెమ్మదిగా చెప్పమ్మా, రాసుకుంటున్నాను అంది డాక్టరమ్మ.